చప్పుడు లేని పాలబండి

జహనుమా,
5 సెప్టెంబరు 1983

పెద్దసారు రామలింగయ్య గారికి,

జహనుమా పాల నర్సింహ దండం పెట్టి రాసేది. మేమంతా బాగున్నం. బర్లు గూడ బాగున్నయి. మీరు, మీ ఇంటోళ్ళు సల్లగుండాలె.

పెట్రోలు ఆటోలు మానేసి బ్యాటరీ బండ్లు నడిపేటోళ్ళకు సగం ఖర్చు సర్కారు పెట్టుకుంటదని మీరు చెప్తే, నా పాల ఆటోలు మూడూ మీ ఆఫీసుకు అప్పజెప్పి మూడు బ్యాటరీ బండ్లు తెచ్చుకున్న. బండ్లు మస్తుగున్నయి. పొగ లేదు, వాసన లేదు. మా అమ్మ బాలమ్మ, కొత్త బర్రె ఇంటికొచ్చినట్టే పసుపు కుంకుమ పెట్టి ముందట ఇంత గడ్డి వేసింది. తింటలేదని రెండు దినాలు ఫికర్ చేసింది.

ఒక్కటే కష్టం సారూ. బండి చప్పుడు చేస్తలేదు. జర చప్పుడు చేసేటట్టు చూడున్రి.

ఇట్లు,
మీ నర్సింహ

తా.క. గడ్డి వృథా కాలేదు. బండిని చూడొచ్చిన పక్కింటి మేక తిన్నది.


ఇంధన పొదుపు ప్రోత్సాహక విభాగం,
హైదరాబాదు,
16 సెప్టెంబరు 1983

శ్రీ నర్సింహ గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. బండి చప్పుడు చేయడం లేదంటే కదలడం లేదని గ్రహించి మా మెకానిక్కును పంపాము. మూడు బండ్లూ చక్కగా నడుస్తున్నాయని అతను చెప్పాడు. నడిచే బండి మీద ఫిర్యాదు ఏమిటో మాకు బోధపడలేదు.

దీపావళి వరకు ఇది పరీక్షాకాలమని మీకు గుర్తు చేస్తున్నాము. బండ్లు సక్రమంగా తిరిగినట్టు మా విచారణలో తేలితేనే అవి మీవి. లేకుంటే వెనక్కి తీసుకుంటాము. మీ పాత ఆటోలు ఇప్పటికే తుక్కు కింద వేలమైపోయాయి.

మరొక విషయం. నీళ్ళు క్రమం తప్పకుండా పోస్తున్నారా? ఎన్ని పోస్తున్నారు? ఎవరు పోస్తున్నారు? వెంటనే తెలియజేయగలరు.

భవదీయుడు,
రామలింగయ్య, సూపరింటెండెంటు

తా.క. జవాబు ఆలస్యమైనందుకు మన్నించాలి. మా ఇంటికి పాలు పోసేవాడు చెప్పాపెట్టకుండా మానేశాడు. పొద్దున చాయ్ లేక నాకు తలనొప్పి, ఆ తలనొప్పి వల్ల ఆఫీసు మొత్తానికి తలనొప్పి.


జహనుమా,
20 సెప్టెంబరు 1983

పెద్దసారు రామలింగయ్య గారికి నర్సింహ దండాలు.

మీ ఉత్తరం చదివినంక అన్నం సయించలేదు. మా తాతల కాలం సంది పాలు పోస్తున్నం. నీళ్ళు పోస్తున్నరా, ఎన్ని పోస్తున్నరు అని పాతబస్తీల ఒక్కరు అడగలేదు. మీరు ఆఫీసు ముద్ర కొట్టి మరీ అడిగిన్రు. మా అమ్మకు చదివి వినిపిస్తే "రమ్మను ఆయన్ని, బర్రె కాడ కూసోబెట్టి ఎదురుంగ పిండిస్త" అన్నది. తర్వాత మా డ్రైవర్ కొండల్ చెప్పిండు, సారు అడిగింది బ్యాటరీల నీళ్ళ గురించి అని. పోస్తున్నం సారూ. సీసాలో తెచ్చిన మందుల దుకాణం నీళ్ళే పోస్తున్నం.

ఇగ చప్పుడు సంగతి. తెల్లారకముందే మా ఆటో పురానాపూల్ గల్లీల మలిగితే ఆ ఫట్‌ఫట్‌కే అందరు లేచి గిన్నెలు పట్టుకొని వాకిట్లకు వస్తుండె. ఇప్పుడు బండి పిల్లి లెక్క వస్తది, పిల్లి లెక్క పోతది. ఒక్కరు లేస్తలేరు. పాలు అట్లనే వాపస్ వస్తున్నయి.

"అరవొచ్చు కద" అంటరు మీరు. మా ఇంట్ల పాలు అని అరిచి అమ్మం. లక్ష్మిని కూరగాయల లెక్క బజార్ల అరిచి అమ్ముతరా అని మా తాత తిడుతుండె. పోనీ తలుపు కొడదామంటే, గంత పొద్దున తలుపు చప్పుడైతే ఎవరో పోయిన్రని కబురొచ్చినట్టే. కొండల్ ఒక్కసారి కొట్టిండు. లోపల ముసలామె తలుపు తీయకముందే శోకం మొదలువెట్టింది.

పురానాపూల్‌ల శారదమ్మ గారు పదేండ్ల సంది మా పాలే తీసుకుంటరు. ఆమె గిన్నె కనబడక ఎన్ని దినాలాయెనో. నా పానం కొట్టుకుంటున్నది సారూ.

ఇట్లు,
మీ నర్సింహ

తా.క. మీ పాలోడు మా జాతికే మచ్చ. ఏ గల్లీనో చెప్పున్రి, నేనే పోయి చెవు పిండుతా.


ఇంధన పొదుపు ప్రోత్సాహక విభాగం,
హైదరాబాదు,
6 అక్టోబరు 1983

శ్రీ నర్సింహ గారికి,

మీ అలవాట్ల వివరం ఆసక్తికరంగా ఉన్నా, పథకానికి సంబంధించినది కాదు.

మా ఇన్‌స్పెక్టరు పురానాపూల్‌లో ఇల్లిల్లూ తిరిగి విచారించారు. "నర్సింహ పాలబండి వస్తోందా?" అని అడిగితే, "నెల రోజుల నుంచి వినలేదు" అని అందరూ ఒకే మాట చెప్పారు. సర్కారు సాయం తీసుకుని బండ్లను కొట్టంలో దాచుకున్నారని అనుమానించక తప్పడం లేదు. దీపావళి లోపల సంతృప్తికరమైన సమాధానం రాకపోతే బండ్లు స్వాధీనం చేసుకుంటాము.

భవదీయుడు,
రామలింగయ్య, సూపరింటెండెంటు

తా.క. సొంత సంగతులు ఆఫీసు ఉత్తరాల్లో చర్చించరాదు. అయినా మీరు అడిగారు కనుక, ప్రస్తుతం పాలపొడి చాయ్ తాగుతున్నాను. సున్నం నీళ్ళు నయం. ఆ పాలవాడు దొరికితే వదిలేది లేదు.


జహనుమా,
20 అక్టోబరు 1983

పెద్దసారు రామలింగయ్య గారికి నర్సింహ చేతులు జోడించి రాసేది.

బండి వస్తున్నది సారూ. వినబడుత లేదు, గంతే. ఆటోలు మీరు తుక్కు చేసిన్రి. ఇప్పుడు ఈ బండ్లు గూడ గుంజుకుంటే నేను, కొండల్, ఇంకిద్దరు డ్రైవర్లు, మా పెండ్లాం పిల్లలు రోడ్డు మీదనే.

నేను పరేశాన్‌ల ఉంటే మా అమ్మ దారి చూపెట్టింది. మా ఇంట్ల గౌరి అని పెద్ద బర్రె ఉండె. యేటా దీపావళి ఎల్లినంక సదర్ పండుగకు అన్ని బర్ల ముందట అదే నడుస్తుండె. మొన్న వానకాలంల కాలం చేసింది. దాని మెడల గంటను అమ్మ దేవుని కాడ పెట్టుకున్నది, ఎవర్నీ ముట్టనియ్యదు. అసొంటిది, ఆమెనే తీసి కొండల్ చేతికిచ్చింది. "మూగ బండికి గొంతు కట్టు బిడ్డా" అన్నది. నాకు ఏడుపొచ్చింది.

గంట కట్టి బండి కదిలించినం. మస్తు మోగింది. షాలిబండ దాటి వెనక్కి చూస్తే మా బర్లన్నీ బండెంటనే ఉన్నయి! గౌరి గంట వెంట నడుసుడే వాటికి తెలుసు. కొట్టం తడక ఇరగ్గొట్టుకొని వచ్చినయి. పక్కోళ్ళ బర్లు గూడ రెండు కలిసినయి. చార్మినార్ కాడ పోలీసాయన సెల్యూట్ కొట్టిండు, ఎవరిదో ఊరేగింపు అనుకున్నట్టుంది.

పురానాపూల్ చేరేసరికి పొద్దెక్కింది, పాలు ఇరిగినయి. అయినా జనం బయటికొచ్చిన్రు సారూ. గిన్నెలు లేకున్నా వచ్చిన్రు.

ఇట్లు,
మీ నర్సింహ

తా.క. పాలపొడి తాగకున్రి. ఎక్కడుంటరో చెప్పున్రి, పాలు పంపిస్తా.


ఇంధన పొదుపు ప్రోత్సాహక విభాగం,
హైదరాబాదు,
28 అక్టోబరు 1983

శ్రీ నర్సింహ గారికి,

మా ఇన్‌స్పెక్టరు మీ బండిని ఎట్టకేలకు కళ్ళారా చూశారు. వారి నివేదిక ఇది: "బండి మెల్లగా కదులుచున్నది. ఇంజను చప్పుడు లేదు. ముందర బర్రెలు లేవు, వెనక చాలా ఉన్నవి. కావున బండి బర్రెలచే నెట్టబడుచున్నది."

బ్యాటరీ బండిని పశువులతో నడపడం పథకానికి విరుద్ధం. బర్రెలకు మా వద్ద ప్రోత్సాహకం లేదు. నేనే స్వయంగా తనిఖీకి వస్తాను. ఏ రోజో ముందుగా చెప్పను. బండ్ల సంగతి ఆ రోజే తేలుస్తాను.

భవదీయుడు,
రామలింగయ్య, సూపరింటెండెంటు

తా.క. సర్కారు ఉద్యోగికి పాలు పంపడం లంచం కిందికి వస్తుంది. పంపకండి. వెన్న తీయనివి అసలే పంపకండి, మనసు ఆగదు.


జహనుమా,
31 అక్టోబరు 1983

పెద్దసారు రామలింగయ్య గారికి,

నర్సింహ దండాలు. బర్రె నెట్టుడేంది సారూ? మీరెప్పుడన్న ఒక బర్రెను జర పక్కకు జరుగమని అడిగి చూసిన్రా? సొంత దూడ కోసం జరుగది, సర్కారు బండిని నెడతదా?

తప్పకుంట రాండ్రి. ఆ దినం సంది కొట్టం తడక బాగు చేసేదాక గంట విప్పి పెట్టినం. ఇంకో రెండు మూడు దినాలల్ల బర్లను గట్టిగ కట్టేసి, మళ్ళ గంట కట్టి బండి తీస్తం. ఒకటి రెండు తప్పించుకుంటే మాత్రం నాది పూచీ కాదు. అమ్మ రోజూ మీ పేరు మీద దీపం పెడుతున్నది.

ఇట్లు,
మీ నర్సింహ

తా.క. గౌరి బిడ్డ ఒకటుంది, అదే తప్పించుకునేది. తల్లి గంట కద, దాన్ని తిట్టబుద్ధి కాదు.


పురానాపూల్,
3 నవంబరు 1983

నర్సింహ గారికి,

ఇది ఆఫీసు కాగితం కాదు, ఇంటి నుంచి రాస్తున్న ఉత్తరం.

ఈ వేళ తనిఖీకి జహనుమా బయల్దేరాలని చీకటితోనే లేచాను. చొక్కా వెతుక్కుంటుంటే గల్లీలో గంట మోగింది. మా ఆవిడ గబుక్కున లేచి, గిన్నె పట్టుకుని "వచ్చాడు!" అంటూ తలుపు తీసింది. నేను బనీను మీదే ఆమె వెనకాల పరుగెత్తాను. గడపలో ఒక బర్రె పడ్డ నిలబడి నా మొహంలోకి చూస్తోంది. దాని వెనక మీ బండి. బండి మీద నా సంతకం ఉన్న సర్కారు బిళ్ళ. కొండల్ పాలు కొలుస్తూ "బాగున్నరా శారదమ్మా?" అన్నాడు.

శారద నా భార్య. మా పాలవాడి పేరు ఏనాడూ అడిగినవాణ్ణి కాను, మీ ఉత్తరంలో శారదమ్మ పేరు చదివి కూడా ఇంకెవరో అనుకున్నాను. పదేళ్ళ నుంచి నేను తాగిన చాయ్ మీ పాలదే. మా పాలవాడి నోరు నొక్కి, తర్వాత వాడు రావడం లేదని తిట్టిపోసినవాణ్ణి నేనే. మా ఇన్‌స్పెక్టరు విచారించిన ఇళ్ళలో మా ఇల్లూ ఉంది. "వినలేదు" అని చెప్పినవాళ్ళలో శారద కూడా ఉంది. నన్ను క్షమించాలి.

రేపు దీపావళి. నివేదికలో ఒకే వాక్యం రాశాను: బండి రోజూ వచ్చింది, మేమే లేవలేదు. బండ్లు మూడూ మీవే. ఒక్క షరతు, గంట విప్పరాదు. మిగతా రెండు బండ్లకూ గంటలు మా ఆఫీసే కొనిస్తుంది. వాటిని ఏ పద్దు కింద రాయాలో ఆలోచిస్తున్నాను.

బాలమ్మ గారి కాళ్ళకు నా దండాలు చెప్పండి. సదర్ రోజు మేమిద్దరం వచ్చి గౌరి బిడ్డకు పూలదండ వేస్తాము.

పాలవాడు దొరికితే వదలనన్నాను కదా. దొరికాడు. వదలను.

ఇట్లు,
మీ పాలు తాగే రామలింగయ్య

తా.క. శారద ఒక సంగతి అడగమంది. కోపం తెచ్చుకోవద్దు. ఆ బ్యాటరీ నీళ్ళ సీసానూ పాల క్యానునూ బండిలో పక్కపక్కనే ఎందుకు పెడుతున్నారట?