ఐదు గదులు, రెండు చేతులు

3వ తేదీ, సోమవారం

ఉదయం 6.30. ఈ రోజు నుంచి ప్రతి గదిలోకి వెళ్లే ముందు, బయటికి వచ్చాక, సబ్బుతో చేతులు కడుక్కుంటాను. ఇరవై లెక్కపెట్టే దాకా. ఈ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సహాయకుడిగా చేరి పదకొండేళ్లు. ఇన్నాళ్లూ కడుక్కోలేదని కాదు. గుర్తొచ్చినప్పుడు కడుక్కున్నాను.

కారణం మూడో గది ఆపరేటరమ్మ. టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసింది. తమ్ముడితో ఆవిడకు పందొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు ఆదివారం వస్తానని ఆయనే ఉత్తరం రాశాడు. అయితే మా అంతస్తులో ఇద్దరికి వాంతులో విరేచనాలో పట్టుకుంటే మూడు రోజులు బయటివాళ్లను రానివ్వరు. పోయిన వారం పై అంతస్తులో అదే జరిగింది.

"ఆదివారం దాకా అందరినీ కాస్త బాగా చూసుకో నాయనా. వాడు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాడా, ఇక ఈ జన్మకి రాడు. మా ఇంట్లో అందరిదీ అదే బుద్ధి" అంది.

సరేనన్నాను.

పెద్ద నర్సు ఒక కాగితం ఇచ్చింది. ఐదు గదులు, రోజుకు నాలుగు తిరుగుళ్లు, ముందొకటి, తరవాతొకటి. మొత్తం నలభై గళ్లు. కడుక్కున్నప్పుడల్లా ఒక టిక్కు పెట్టాలి. "మీ రాత ముత్యాల్లా ఉంటుంది బాబాయ్, మీరే రాయండి" అంది. నేను బడికి వెళ్లలేదు. పాత పేపర్లు చూసి నేర్చుకున్న రాత. ఆ మాటకి రోజంతా ఒళ్లు తేలిగ్గా ఉంది.

కడుక్కున్నవి: 40కి 40.

4వ తేదీ, మంగళవారం

40కి 40. మనసు పెడితే ఇందులో కష్టమేమీ లేదు.

ఇంట్లో ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"భోజనానికి ముందు ఒక్కసారి కడుక్కోమంటే వినిపించదు. అక్కడ నలభైసార్లా? ఎవరా మహాతల్లి, నాకూ చూపించండి" అంది నా భార్య.



5వ తేదీ, బుధవారం

40కి 37. కాగితం మీద 40. ఆ మూడూ రేపు అదనంగా కడుక్కుంటాను.

6వ తేదీ, గురువారం

వేళ్ల సందుల్లో చర్మం పగిలింది. సబ్బు తగిలితే మంట.

ఉపాయం: రబ్బరు తొడుగులు. గదికో జత మార్చాలి. మార్చాను. తొమ్మిదింటికల్లా డబ్బా ఖాళీ. కొత్త డబ్బా పై అంతస్తులో ఉంది. మెట్లు ఇరవై రెండు. చివరి జతతోనే ఒకటో గది నుంచి ఐదో గది దాకా లాగించాను. చేతులు మాత్రం చాలా శుభ్రంగా ఉన్నాయి. అంటే, నావి.

మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్తే వంటావిడ అడ్డం నిలబడింది.

"ఆ చేతులతోనే గడియ తీశావు. ఆ చేతులతోనే ముక్కు గోక్కున్నావు. ఇప్పుడు నా గరిట పట్టుకుంటావా?"

"తొడుగులున్నాయిగా."

"అవి నిన్ను కాపాడతాయి. నా గరిటని ఎవరు కాపాడతారు? నడు."

నడిచాను. అదనంగా కడుక్కోవాల్సిన మూడూ గుర్తులేవు. కాగితం మీద 40.

7వ తేదీ, శుక్రవారం

ఉదయం 6.35. తడి చేతుల్తో టిక్కు పెడితే సిరా అలుక్కుపోతోంది. కాగితం చూడటానికి అసహ్యంగా ఉంది. అందుకని చేతులు పొడిగా ఉన్నప్పుడే నలభై గళ్లూ నింపేశాను. నా జీవితంలో ఏ పనీ ఇంత పెందలాడే పూర్తి చేయలేదు.

11.00. పెద్ద నర్సు కాగితం చూస్తూ నిలబడింది.

"బాబాయ్, రెండో గది లెక్కల మాస్టారు తెల్లారే కంటి పరీక్షకు వెళ్లారు. మీరేమో ఆయన మంచం దగ్గర ఎనిమిదిసార్లు చేతులు కడుక్కున్నారు."

"ఖాళీ మంచమైనా మంచమే కదమ్మా" అన్నాను.

"సాయంత్రం ఐదింటి తిరుగుడుకి కూడా కడుక్కున్నారు. ఇప్పుడు పదకొండు."

గోడ గడియారం వైపు చూశాను. పదకొండే.

"నిజంగా ఎన్నిసార్లు కడుక్కున్నారు?"

"నాలుగు."

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

8వ తేదీ, శనివారం

5.50కి ఒకటో గది వడ్రంగి తాతకు వాంతులు. 8.10కి ఐదో గది పెద్దావిడకు కూడా. గురువారం ఆ రెండు గదుల్లోనూ ఒకటే తొడుగులు.

"మీ వల్లే అని చెప్పలేను బాబాయ్. మీ వల్ల కాదని కూడా చెప్పలేను" అంది నర్సు.

'మంగళవారం వరకు సందర్శకులకు ప్రవేశం లేదు.' ఆ బోర్డు నా చేతే రాయించారు. రాత ముత్యాల్లా ఉంటుందిగా. గేటుకి కూడా నేనే కట్టాను.

ఆపరేటరమ్మకు నేనే చెప్పాను. బోర్డు సంగతి వరకు. తమ్ముడికి కబురు పెడదామంటే ఉత్తరంలో నంబరూ లేదు, చిరునామా లేదు.

"ఊరందరికీ లైను కలిపాను. నాకు తమ్ముడెక్కడున్నాడో తెలీదు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం టీ ముట్టలేదు.

9వ తేదీ, ఆదివారం

10.20. వచ్చాడు. ఆపరేటరమ్మ ముక్కే, ఆపరేటరమ్మ గడ్డమే. చేతిలో సంచీ. కాపలాదారు బోర్డు చూపించాడు.

"ఓహో. గేటు దగ్గర నిలబెట్టడానికి పందొమ్మిదేళ్లు ఆగిందన్నమాట. బోర్డు కూడా రాయించింది" అని వెనక్కి తిరిగాడు.

నేను మాటకారిని కాను. ఆయన వీధి మలుపు దాకా వెళ్లేసరికి పరుగెత్తి పట్టుకున్నాను.

"బోర్డు రాసింది నేనండి. రాయాల్సి వచ్చిందీ నా వల్లేనేమో."

మొత్తం చెప్పాను. మెట్లు, తొడుగులు, నలభై టిక్కులు, ఖాళీ మంచం. అంతసేపు మాట్లాడటం నా పెళ్లి చూపుల్లో కూడా జరగలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇంత సిగ్గుమాలిన సంగతి ఎవడూ కల్పించి చెప్పడు" అన్నాడు. "అయితే అక్క నన్ను రావద్దనలేదా?"

"మీ కోసం కిటికీ దగ్గర కుర్చీ వేయించిందండి. వెలుతురు కళ్లలో పడుతుందని ఇటు వేయించింది. ఇటైతే మొహం కనబడదని మళ్లీ అటు వేయించింది. నాలుగు రోజులుగా నాకు ఇదే పని."

ఆయన సంచీ కింద పెట్టి కాసేపు ముక్కు చీదాడు.

"లాడ్జిలో ఉంటాను. బుధవారం వస్తాను. నువ్వు వెళ్లి చేతులు కడుక్కో."

లోపలికి వచ్చి ఆపరేటరమ్మకు మిగతాది కూడా చెప్పాను. "ఆ దరిద్రపు చేతులతో నా కుర్చీ జరిపావా?" అంది. టీ తాగింది.

12వ తేదీ, బుధవారం

మళ్లీ మొదటి రోజు. సోమ, మంగళ వారాలు కాగితం నర్సు దగ్గరే ఉంది, నా వెనకాలే తిరిగి టిక్కులు ఆమే పెట్టింది. కొత్తగా ఎవరికీ వాంతులు రాలేదు. ఇవాళ కొత్త కాగితం ఇచ్చింది. నలభై గళ్లు. 9.40కి నాలుగో గది ముందు మరిచిపోయాను. ఆ గడి అలాగే వదిలేశాను. కాగితం బోసిగా ఉంది.

10.00. ఆయన వచ్చాడు. వరండాలో కుళాయి చూపించాను.

"లాడ్జిలో కడుక్కునే వచ్చానయ్యా."

"నేనూ అలాగే రాశానండి."

ఆయన చొక్కా చేతులు మడిచాడు. పక్కన నిలబడి ఇరవై దాకా పైకి లెక్కపెట్టాను. పదమూడు దగ్గర మూడో గదిలోంచి కేక వినిపించింది.

"ఇంకా ఎంతసేపురా?"

ఆయన చేతులు తుడుచుకోకుండానే లోపలికి పరుగెత్తాడు.

 పది నిమిషాలకు పోట్లాట మొదలైంది. కుర్చీ ఎటు వేయాలన్న దగ్గర. మధ్యలో రెండు టీలు కావాలన్నారు.

కడుక్కుని వెళ్లాను.