ముక్కుకి తొండం, పళ్లకి క్లిప్పు

జూన్ 3, మంగళవారం

నిద్రలో నా ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోందట. స్లీప్ ఆప్నియా, అదీ సివియర్ అన్నారు బెజవాడ డాక్టరు గారు. నాకెలా తెలుస్తుంది, నిద్రపోయేది నేనాయె. తెలిసింది మా ఆవిడ సుబ్బరత్నానికి. ఊపిరి ఆగినప్పుడల్లా నన్ను తట్టి లేపడానికి తను మేలుకునే ఉంటోంది. బొమ్మలకి కళ్లు దిద్దడంలో కొండపల్లిలో ఆమెకి పేరు. నిన్న పగలు కునికింది. కృష్ణుడికి మెల్లకన్ను వచ్చింది.

ముక్కుకి మాస్కు తగిలించి గొట్టంలోంచి గాలి తోసే సీపాప్ మెషీన్ తెచ్చాం.

జూన్ 5

మాస్కు పెట్టుకుంటే బావిలో దించి మూతేసినట్టుంది. లోపలికి తోసే గాలితో తగువు పడితే గాని ఊపిరి వదలలేను. అంబారీ ఏనుగుల్ని చెక్కీ చెక్కీ చివరికి మీకే తొండం మొలిచిందండీ, అంది సుబ్బరత్నం. ఏనుగంటే గుర్తొచ్చింది. మా నాన్న తొండం విడిగా చెక్కి చింతగింజల జిగురుతో అతికేవాడు. ఓసారి ఎండకి... సరే, అదో పెద్ద కథ. నా తొండం మాత్రం నేనే పీకేశాను.

జూన్ 6

మళ్లీ పీకాను.

జూన్ 14

పళ్ల డాక్టరమ్మ రాజ్యలక్ష్మి గారు నిన్న క్లిప్పు ఇచ్చారు. గొంతు మూసుకోకుండా కింది దవడని ముందుకి లాగి పట్టి ఉంచుతుందట. గొట్టం లేదు, కరెంటక్కర్లేదు. మీ కేసుకి మెషీనే గట్టిదండీ, దీంతో సరిపోతుందో లేదో మళ్లీ నిద్రలో టెస్టు చెయ్యాల్సిందే, అన్నారు. తలూపాను. రాత్రి పెట్టుకుని పడుకుంటే పొద్దున దవడ నొప్పికి ఇడ్లీ కూడా నమల్లేకపోయాను. నోట్లో ఎలకల బోను.

జూన్ 16

బొమ్మకి చెయ్యి సరిగ్గా అతకకపోతే ఏం చేస్తాం? ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దుతాం. క్లిప్పుకీ అదే చేశాను. దవడ హాయిగా వెనక్కి వాలింది. ఇంకా టెస్టెందుకు? సుబ్బరత్నం క్లిప్పుని అటూ ఇటూ తిప్పి చూసింది.

జూన్ 18

మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే సుబ్బరత్నం పలకలేదు. కుంచె చేతిలో ఉండగానే గోడకి జారగిలబడి నిద్రపోతోంది. ఎదురుగా వరసగా బొమ్మలు, ఒక్కదానికీ కళ్లు లేవు.

లేపాను. మీరు అరగదీసింది ఆ దవడని పట్టి ఉంచే చోటేనండీ, మళ్లీ ఆగుతోంది, అంది. చెప్పవేమే అని కేకలేశాను. పిల్లాడిలా సంబరపడుతుంటే ఏం చెప్పను, అంది. ఈ రాత్రి నాకు నిద్ర పట్టేస్తే మిమ్మల్నెవరు లేపుతారండీ, అంది.

డెబ్భై ఏళ్లుగా నోరు మూయనివాడిని. నోరు మూసుకుని నిచ్చెన వేశాను.

అటక మీంచి మెషీన్ దించాను. పట్టీలు ఆమే బిగించింది.

జూన్ 19, తెల్లవారుజామున

మాస్కు తియ్యకుండానే రాస్తున్నాను. కంటి మీద కునుకు లేదు. సుబ్బరత్నం గురక పెడుతోంది. ఇన్నేళ్ల కాపురంలో ఇదే వినడం.

తట్టి లేపలేదు.