అన్నయ్యకి బస్సులో సీటు

చిన్నాన్నా,

ఇసాండ్ల్వానా కొండ కింద, వ్యాను నీడలో కూర్చుని రాస్తున్నాను. తెల్లవాళ్లతో పోరాడి ఇక్కడే చచ్చిన మన జులూ వాళ్ల ఆత్మల్ని ముళ్లరేగు కొమ్మతో ఇళ్లకి పిలుచుకుపోయారని గైడు చెబితే, నేను తీసుకొచ్చిన యాత్రికులు కళ్లు తుడుచుకున్నారు.

"మీ ఇంట్లో ఇప్పటికీ అలాగే చేస్తారా బాబూ?" అని ఒకావిడ అడిగింది.

"మా చిన్నాన్నకి తీరికైతే చేస్తామండీ" అన్నాను.

వుకానీ అన్నయ్య గనిలో పోయి ఏడాదైంది. శవాన్ని తెచ్చి పాతిపెట్టాం గానీ, వాడింకా ఆ జోహాన్నెస్‌బర్గ్ గనిలోనే ఉన్నాడు. నాన్న లేడు, ఇంటికి పెద్దవాడివి, వాణ్ణి నువ్వు తేవాలి. అడిగితే "చలి తగ్గనీరా" అంటావు. వాడికి చలి లేదా?

ఈ శనివారం నేనే కొమ్మ పట్టుకుని వెళ్తున్నాను. తిరుగు బస్సులో వాడికీ సీటు కొంటాను. దారంతా వాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. అదేం కష్టం కాదులే, అమ్మ పోయాక ఆ ఇంట్లో నాతో మాట్లాడింది వాడొక్కడే.

నీ అన్న కొడుకు