ఏడో నంబరు బనీను

మస్కట్,
శుక్రవారం.

పూజ్యుడైన అన్నయ్యకు తమ్ముడు వెంకటరమణ నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. నువ్వూ, వదినా, పిల్లలూ బాగున్నారనీ, అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గిందనీ అనుకుంటున్నాను. ఆవిడ ఊరికే "తగ్గిందిలే" అంటుంది, నమ్మకు. రోజూ నూనె రాయమని వదినతో చెప్పు.

నేను నిజంగానే బాగున్నాను. వచ్చి ఎనిమిది నెలలైంది కదా, జనరేటర్ల మరమ్మతు చేతికి అలవాటైపోయింది. ఎండ సంగతి మాత్రం చెప్పకూడదు. పొద్దెక్కితే పానా పట్టుకోలేం, చెయ్యి చుర్రుమంటుంది. అందుకే తెల్లారకుండానే పనిలోకి దిగుతున్నాం. మెస్సులో లావు బియ్యం అన్నం, కొబ్బరినూనెతో చేసిన కూర. కోనసీమ పక్కన పుట్టి కొబ్బరికి మొహం తిప్పుకుంటావేంటని వంటాయన నవ్వుతాడు. సెలవు రోజున నోటి వెంట ఒక్క తెలుగు ముక్క రాకుండానే సాయంత్రమైపోతుంది. అదొక్కటే దిగులు. మీరేమీ బెంగ పెట్టుకోకండి.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం అందింది. చదివిన దగ్గర్నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది. పెద్దవాడివి, నీకిలా రాయకూడదు. అయినా రాస్తున్నాను.

కొత్త సిమెంటు కోర్టు ప్రారంభం రోజున మన పాలకొల్లు బాస్కెట్‌బాల్ క్లబ్బు గోడకి పాలరాతి పలక పెడతారనీ, దానిమీద "మన ఆటగాళ్ళలో మేటి" అని నా పేరు చెక్కిస్తున్నారనీ రాశావు. సెక్రటరీ గారు పాత స్కోరు పుస్తకాలన్నీ తన కంప్యూటర్ సెంటర్లో ఎక్కించి లెక్క తీశారట. అందరికన్నా నా పాయింట్లే ఎక్కువట. కమిటీ అంతా చప్పట్లు కొట్టిందట. నువ్వూ మెంబరువే కదా, నువ్వు కూడా కొట్టావా అన్నయ్యా?

సెక్రటరీ గారిని నేనేమీ అనను. ఆయన మన ఊరొచ్చి ఆరేళ్ళు. ఆయన మా ఆట చూడలేదు, పుస్తకం చూశాడు. కానీ నువ్వు? ప్రతి మ్యాచికీ గీత పక్కన సైకిలు స్టాండు వేసుకుని, వెనక సీటు మీద కూర్చుని చూసినవాడివి. సత్తిబాబు బంతి పట్టుకుంటే లేచి నిలబడేవాడివి. నేను పట్టుకుంటే వేరుశనక్కాయలు ఒలుచుకునేవాడివి. ఇప్పుడు నీ కళ్ళ కన్నా ఆ కంప్యూటర్ కాయితం ఎక్కువైపోయిందా?

బనీన్ల సంగతి మర్చిపోయావా? క్లబ్బుకి నంబర్లున్న బనీన్లు ఎనిమిదే, ఆడేవాళ్ళం పదిమందిమి. సత్తిబాబుకి రైసు మిల్లులో డ్యూటీ. దిగి వచ్చేసరికి సగం ఆట అయిపోయేది. వాడు సైకిలు దిగగానే నేను చెమటతో తడిసిన ఏడో నంబరు బనీను విప్పి ఇచ్చేవాణ్ణి. వాడు దాన్ని పిండి వేసుకునేవాడు. స్కోరు రాసే మాస్టారు నంబరు చూసి రాసేవారు గానీ మొహం చూసి కాదు. పుస్తకంలో ఏడో నంబరు ఎదురుగా ఉన్న పేరు నాది. సెకండాఫ్‌లో వాడు వేసిన ప్రతి బాస్కెట్టూ నా పేరు పక్కన పడింది. సొమ్మొకడిది, సోకొకడిది!

పోనీ పాయింట్లు వదిలెయ్. వాడు చూపు ఒకవైపు పెట్టి బంతి ఇంకోవైపు ఇచ్చేవాడు, గుర్తుందా? భీమవరం వాళ్ళు ముగ్గురు వాడి మీదకి ఉరికితే, మన పొట్టి రాజు గారబ్బాయి రింగు కింద ఒంటరిగా నిలబడి, బంతి చేతిలోకి వచ్చాక కంగారుపడేవాడు. అది ఏ పుస్తకంలో రాస్తారు? ఏ కాలమ్‌లో రాస్తారు?

ఇక్కడా ఇదే గోల. నా గదిలో రోమెల్ అని ఫిలిప్పీన్స్ కుర్రాడున్నాడు. వాళ్ళకి బాస్కెట్‌బాలంటే ప్రాణం. మొన్న ఒక పత్రిక తెచ్చి, అంకెల పట్టీ చూపించి, వెనకటి ఆటగాళ్ళెవరూ ఇప్పటివాళ్ళ కాలిగోటికి సరిపోరన్నాడు.

"వాళ్ళ ఆట నువ్వు చూశావా?" అన్నాను.

"నేను చూడలేదు, మా నాన్న చూశాడు. ఆయన చెప్పేది వేరే. కానీ అంకెలు అబద్ధమాడవు కదా," అన్నాడు.

"కన్న తండ్రి కళ్ళని నమ్మవు, ఎవడో అచ్చేసిన కాయితాన్ని నమ్ముతావా?" అని గట్టిగా తిట్టేశాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు నీ ఉత్తరం వచ్చింది. నా మొహం చూసి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా అని ముందు వాడే పలకరించాడు. విషయం చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. నువ్వు కమిటీలో ఉన్నావు కాబట్టి నాకీ పెద్దపీట వేశావేమో. నాకొద్దు. నా మీద ప్రేమతోనే చేశావని తెలుసు. అయినా వద్దు.

ఇంకా చెప్పాల్సింది ఉంది. ఇందాకట్నుంచి నీమీద ఎగురుతున్నాను గానీ, ఈ తప్పు మొదట చేసింది నేనే. జిల్లా జట్టుకి మనుషుల్ని ఎంచడానికి వచ్చిన పెద్దమనిషి ఒక్క ఆటా చూడలేదు. టీ తాగుతూ ఇదే పుస్తకం తిరగేసి ఏడో నంబరు ఎవరని అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఆ జట్టు సర్టిఫికెట్ మీదే నాకు పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఆ డిప్లొమా మీదే ఇక్కడిదాకా వచ్చాను. సత్తిబాబు ఇప్పటికీ అదే మిల్లులో బాయిలర్ దగ్గర ఉన్నాడు.

కాబట్టి పలక చెక్కేవాణ్ణి ఆపించు. పేరు పడితే వాడి పేరు పడాలి. కమిటీ ఒప్పుకోకపోతే ఈ ఉత్తరం మీటింగులో పైకి చదువు, నాకేమీ అభ్యంతరం లేదు.

వచ్చేనెల మన యలమంచిలి వైపు మనిషి ఒకతను అక్కణ్ణుంచి ఇక్కడికి వస్తున్నాడు. అతనితో కొంచెం ఆవకాయ, నాలుగు పూతరేకులు పంపించు. రోమెల్‌కి కూడా రుచి చూపించాలి. అమ్మకి నా దణ్ణాలు చెప్పు. పిల్లల్ని చదువుకోమన్నానని చెప్పు. నా కోపాన్ని మనసులో పెట్టుకోకుండా నువ్వూ, వదినా నన్ను దీవించండి.

అన్నిటికన్నా ముందు మిల్లుకి వెళ్ళి సత్తిబాబుని కలువు. వాడు నవ్వేసి, "ఇప్పుడెందుకండీ అవన్నీ, ఆడి పేరే ఉండనివ్వండి" అంటాడు. ఆ మాట పట్టుకుని నువ్వు వెనక్కి వచ్చెయ్యకు. ఆ రోజు నేను చెయ్యెత్తినప్పుడు వాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. "నువ్వెళ్ళరా, నాకెలాగూ మిల్లులో సెలవివ్వరు" అన్నాడు. నేను ఆ మాట పట్టుకునే వెళ్ళిపోయాను.

ఇట్లు,
నీ తమ్ముడు
వెంకటరమణ