అన్ని పేర్లూ కలిసిన ఫైలు

మందమర్రి, మంగళవారం

పొద్దటినుంచి ముసురు. చనిపోయిన గని కార్మికుడు రాజయ్య ఉద్యోగం వారసులుగా తమకివ్వాలని వచ్చిన రెండు దరఖాస్తులను గని ఆఫీసు కంప్యూటర్‌లో సరిచూశాను. గని, ఊరు, బడి రికార్డుల్లో తండ్రి పేరు ఒకటే ఉండాలన్నది నియమం. కూతురినన్న సుజాతది తప్పింది. కొడుకునన్న రమేశ్‌ది అన్నిచోట్లా కలిసింది.

సుజాత తల్లి లచ్చవ్వ ఊరుకోలేదు. "మా ఇంటాయన పేరు పోశెట్టి సారూ. దోస్తు రాజయ్య పేరు మీద గనిల దిగిండు. గప్పుడు సగం మంది గట్లనే చేరిండ్రు."

మరి రమేశ్ ఎవరు? పిలిచి, మీ బాపు ఏ షిఫ్టుకు వెళ్లేవాడని అడిగాను.

"బాపు గనికేడ పోయిండు సా..." అని నాలుక కరుచుకున్నాడు.

ఇతను ఆ దోస్తు రాజయ్య కొడుకే; గనిలో పనిచేసింది పోశెట్టి. కాగితాల్లో అబద్ధం లేదు. నియమం ఇప్పటికీ ఇతన్నే ఒప్పుకుంటోంది. రేపు పైవాళ్లు నా మాట వింటారో, కంప్యూటర్ మాట వింటారో...

టీ రాకముందే రమేశ్ వెళ్లిపోయాడు. లచ్చవ్వ, సుజాత సాయంత్రం బస్సుకు తమ ఊరు ఇచ్చోడకు వెళ్లారు.