సుత్తి తాత బండి దాటిందా?

1వ తేదీ, ఉదయం 6
ఈ నెలాఖరులోగా రష్యన్ నేర్చుకుంటాను. రైలు మలుపుల పుస్తకం నేనే చదివి ముగిస్తాను.

చాలా పాతది. ఇలాంటిది ఇంకోటి దొరకదని రైల్వే ట్రైనింగ్ స్కూలు లైబ్రేరియన్ అంటాడు. ముప్పయ్యో తేదీన వాళ్ల లైబ్రరీకి కానుకగా ఇవ్వాలి. మాటిచ్చింది మా ఆవిడ. రష్యన్ వచ్చిందీ ఆవిడకే. నాకు పట్టాలు వేయడం వచ్చు. రోజూ భోజనాలయ్యాక ఒక పేజీ తెలుగులో చెప్పేది.

నూట పన్నెండో పేజీలో ఆగింది. పట్టాల్ని సుత్తితో తట్టి చూసే తాత, మలుపులో బయటి పట్టా రెండు వేళ్లు లేపకపోతే బండి బోల్తా అన్నాడు. పెద్ద ఇంజనీరు నవ్వాడు. "లేపు. తప్పయితే నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు. తాత లేపాడు. బండి వస్తోంది. అక్కడ పుస్తకం మూసింది. మర్నాడు ఆసుపత్రి. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది.

బండి దాటిందా? నాకు తెలియాలి.

ఉదయం 9
కొన్నవి: నోటుబుక్కు, నిఘంటువు, ఆరు పెన్సిళ్లు. వాళ్ల అక్షరాలు ముప్పై మూడే! యాభై ఆరు దిద్దినవాణ్ణి. ఇదెంత!

2వ తేదీ
పదకొండు అక్షరాలొచ్చాయి. కొన్ని అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

4వ తేదీ
మొదటి వాక్యం సాధించాను! మూడు గంటలు పట్టింది. అచ్చాఫీసు చిరునామా.

7వ తేదీ
తప్పు కళ్లజోడుది. కొత్తది వచ్చాక చూద్దాం.

10వ తేదీ
కళ్లజోడు వచ్చింది. వంటింటి కుళాయి కారుతోంది. ముందు అది.

11వ తేదీ
కుళాయి బాగుచేశాను. ఇప్పుడింకా ఎక్కువ కారుతోంది.

15వ తేదీ
పెన్సిళ్లు చెక్కాను.

19వ తేదీ
నిఘంటువు కనబడలేదు. నేనూ పెద్దగా వెతకలేదు.

24వ తేదీ
మరదలికి ఫోన్ చేశాను. అక్కతోపాటు అదే కాలేజీలో రష్యన్ చదివింది. ఇది ఓటమి కాదు. సహాయం.

25వ తేదీ, సాయంత్రం 4
నూట పదమూడో పేజీ తీసి మరదలి ముందు పెట్టాను.

"బండి దాటిందా?"

"ఏ బండి బావగారూ? కంకర జల్లెడ పట్టే పద్ధతి ఉందిక్కడ."

"మరి సుత్తి తాత?"

వెనక్కి తిప్పుకుంటూ మొదటి పేజీ దాకా వెళ్లింది. "తాతా లేడు, ముత్తాతా లేడు. అన్నీ కొలతలే. మా అక్క కోతలు కోసింది! నూట పన్నెండు పేజీలూ కోసింది! ముప్పై ఏళ్లు పట్టాలు వేశారు, మీకు అనుమానమైనా రాలేదా?"

"వాళ్లు పుస్తకాలు అలాగే రాస్తారేమో అనుకున్నాను."

పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

"ఎందుకలా చెప్పింది?" అన్నాను.

"ఉన్నదున్నట్టు ఒక పేజీ చదువుతాను, వినండి" అని మొదలుపెట్టింది.

"బావగారూ, లేవండి. కాఫీ చల్లారిపోయింది."

27వ తేదీ
తీర్మానం రద్దు. తాతే లేనప్పుడు బండెక్కడిది? నిఘంటువు అటకెక్కింది. అన్నం సయించలేదు.

29వ తేదీ
ఆవిడ చెప్పిన వేగం, మలుపు కొలత గుర్తున్నాయి. లెక్క కట్టాను. సరిగ్గా రెండు వేళ్లు. పట్టిక తెరిచి చూశాను. అంకెలు పుస్తకంలోవే. అంకెల్లో మాత్రం ఒక్క కోతా కోయలేదు.

30వ తేదీ
లైబ్రేరియన్ ఫోన్.
"పూర్తి కాలేదు" అన్నాను.
"ఇంకెన్ని పేజీలు సార్?"
"తొంభై."
"కానివ్వండి సార్. దీనికోసం ఇక్కడెవరూ కొట్టుకోవడం లేదు."

1వ తేదీ, సాయంత్రం 5
కొత్త తీర్మానం. రోజుకో పేజీ, తప్పకుండా. ఈసారి చెప్పేది నేను. మరదలు ఊఁ కొట్టాలి.

నూట పదమూడు తెరిచాను.

"బండి దాటింది" అన్నాను.

"ఊఁ."

"ఇంజనీరు టోపీ తీశాడు."

"ఊఁ."

"కానీ కంకర దగ్గర తాతకు మళ్లీ గొడవొచ్చింది."

"ఎవరితో?"

పేజీలోకి చూశాను. అన్నీ రాళ్ల బొమ్మలే.

"వాళ్లావిడతో" అన్నాను.