చురుక్కుమన్న ఇంజన్

మంగళవారం, రాత్రి

అనంతగిరి అడవి దారుల్లో టూరిస్టులను తిప్పడానికి నా బిడ్డ సుజాత పాత ఏటీవీ కొంటానంటే, ఇవాళ ఇద్దరం తాండూరు పోయి చూశాం. బైకు హ్యాండిల్, లావుపాటి నాలుగు చక్రాలు. చూస్తేనే నాకు దడ.

"పొద్దుగాల్నుంచి ముట్టనే లేదమ్మా," అన్నాడు అమ్మేటాయన. మొక్కుదామని ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. చల్లగా ఉంటే మొరాయించే బండిని ముందే వేడిచేసి చూపిస్తారని పోయేటప్పుడు దారిలో సుజాతే చెప్పింది.

ఆయన బటన్ నొక్కగానే స్టార్టయింది. సుజాత మురిసిపోయి బయానా డబ్బులు తీసింది. ఆయన మొహం మీద అబద్ధమని అనలేక, "ఇయ్యాల మంగళవారం, వద్దు బిడ్డా," అన్నాను.

బస్సులో అసలు సంగతి చెప్పాను. "నువ్వు మొక్కినవా, చెకింగ్ చేసినవా అమ్మా?" అని నవ్వింది. "రేపు చెప్పకుంట పోదాం. చల్లగున్నప్పుడే స్టార్ట్ చేపిద్దాం."

వారాన్ని అడ్డం పెట్టుకున్నందుకు దేవుడు ఏమనుకుంటాడో. అంతకన్నా, రేపు అది బాగానే స్టార్టయితే? ఆ దిగుడు దారుల్లో నడిపేది నా బిడ్డే. స్టార్ట్ కావద్దని మొక్కబోయాను. సుజాత మురిసిన మొహం గుర్తొచ్చి చేతులు దించేశాను. దీపం ముందు ఏమీ అడగకుండానే లేచి వచ్చాను.